అడిగినకొలది పెరుగు సంశయము

భయపడినవానికి ధైర్యము చెప్పుట మానవధర్మములలో మొదటిది. ఉరుమునకు బెదరిన పసివాడు తల్లి కొంగు పట్టుకొనును. ఆమె వాని వీపు నిమిరి “ఏమీ కాదు నాన్నా” అనును. వాడు మరల ఆటకు పోవును. శస్త్రచికిత్సకు పోవు రోగి చేయి పట్టుకొని వైద్యుడు చెప్పు రెండు మాటలు, ఆప్తుని పోగొట్టుకొన్న ఇంటికి వచ్చి బంధువులు చెప్పు ఓదార్పు, పరీక్షకు పోవు విద్యార్థికి గురువు ఇచ్చు ఆశీస్సు, ఇవన్నియు ఈ కోవకు చెందినవే. ఇట్టి మాటలు లేని లోకము నివాసయోగ్యము కాదు. అయినను ఇదే ధైర్యవచనము కొందరి యెడల, కొన్ని సందర్భములలో, మందు గుణము విడిచి మత్తు గుణము చూపును. పుచ్చుకొన్న కొలది ఇంకను కావలెననిపించును. ఇచ్చిన కొలది చాలకపోవును. అట్లేల జరుగును, అప్పుడు ఇంటివారు చేయదగినదేమి అనునది ఈ పాఠమునకు విషయము.

ఒక ఇంటిని ఊహింతము. ఇట్టివి మన ఊళ్లలో అనేకములు కలవు కనుక ఊహించుట కష్టము కాదు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న బాలిక రాత్రి పడుకొనబోవుచు, “అమ్మా, గ్యాసు కట్టేశావా?” అని అడుగును. తల్లి “కట్టేశానమ్మా” అనును. పది నిమిషములకు “రెగ్యులేటరు కూడా తిప్పావా?” అని మరొక ప్రశ్న. “తిప్పాను, పడుకో.” మరికొంతసేపటికి బాలిక లేచి వచ్చి, “కళ్లారా చూసి తిప్పావా, అలవాటుగా తిప్పేశావా?” అనును. తల్లికిని ఇప్పుడు నిజముగనే సందేహము కలుగును. ఆమె వంటింటికి పోయి చూచి వచ్చి, “ఒట్టు, కట్టే ఉంది” అనును. బాలిక నిద్రించును. మరునాటి రాత్రి సంభాషణ “ఒట్టేసి చెప్పు” అను మాటతోనే మొదలగును.

నెల తిరుగునప్పటికి గ్యాసు ఒక్కటియే కాదు. తండ్రి పొరుగూరు పోయినచో బస్సు ఎక్కినారా, దిగినారా అని నాలుగుమార్లు ఫోను చేయవలెను. కడుపులో నొప్పి వచ్చినచో అది మామూలు నొప్పియే కదా అని ఇంటిల్లిపాదిని విడివిడిగా అడుగవలెను. తల్లి సహనము కోల్పోయి ఒకనాడు కసరును, బాలిక ఏడ్చును, తల్లి మనసు కరిగి, కసరిన పాపమునకు ప్రాయశ్చిత్తమా అన్నట్లు, పదిమార్లు చెప్పును. నాయనమ్మ కోడలిని మందలించుచు, “పసిది బెదిరిపోతుంటే ఒక మాట చెప్పడానికి నీ సొమ్మేం పోయిందే?” అనును. ఆ యింట అందరును ప్రేమగలవారే. ఆ ప్రేమయే భయమునకు మేత యగుచున్నదని ఎవరికిని తోచదు.

ఇందలి కీలకమును కొంచెము నిదానముగ పరిశీలింపవలెను. భయము పుట్టినపుడు దేహమున గుండె వేగము హెచ్చును, చేతులు చెమర్చును, మనస్సు ఒక్క విషయముననే చిక్కుకొనును. ఇది ఓర్చుకొనరాని బాధ. అట్టి వేళ ఎవరో ఒకరు “ఏమీ కాదు” అనగా బాధ చప్పున తగ్గును. బాధను చప్పున తగ్గించిన ఏ క్రియయైనను మరల చేయబుద్ధి పుట్టుట జీవస్వభావము. కావున మరుసటిమారు భయము రాగానే మనస్సు తిన్నగ ఆ ప్రశ్నవైపే పరుగెత్తును. ఇది మొదటి నష్టము. రెండవది ఇంతకంటె లోతైనది. భయము ఎంత తీవ్రముగ వచ్చినను, దానిని ఏమియు చేయక ఊరకున్నచో, కొంతసేపటికి తనంతతానే తగ్గుట సహజము. ఉధృతముగ వచ్చిన వాగు కొన్ని గంటలలో తీయుట రైతులందరు ఎరిగినదే. కాని మాటిమాటికి ఇతరులను అడిగి ఊరట పొందువానికి ఈ సత్యము అనుభవమునకు రాదు. అమ్మ చెప్పినది కనుక భయము పోయినదని వాడు తలచును. తాను ఓర్చుకొనగలనన్న సంగతి వానికి ఎన్నటికిని తెలియదు. మూడవ నష్టమేమనగా, ప్రతి సమాధానము వెనుక “ఇది నిజముగనే అడుగదగిన ప్రమాదము” అను అంగీకారము దాగియుండును. తల్లి లేచిపోయి గ్యాసు చూచి వచ్చినదన్నచో, చూడవలసిన అవసరము ఉన్నట్లే గదా అని ఆ లేతమనస్సు లెక్కవేసుకొనును.

బాకీదారుడు చేబదులుతో వడ్డీ తీర్చుట వంటిది ఈ వ్యవహారము. ఆ పూటకు అప్పులవాడు గుమ్మము దిగును. అసలు మాత్రము పెరుగును.

మరియొక చిక్కు కలదు. అడుగువాడు కోరునది సమాచారము కాదు, నిశ్చయము. నూటికి నూరుపాళ్లు ఏ ప్రమాదమును జరుగదను హామీ. ఇది తల్లి వద్ద లేదు, వైద్యుని వద్ద లేదు, లోకములో ఎవరి వద్దను లేదు. లేని వస్తువును ఇచ్చినట్లు చెప్పుటచేత, పుచ్చుకొన్నవాడు దానిని తిరగవేసి మరగవేసి చూచి లోపము కనుగొనును. “నేను సరిగా చెప్పలేదేమో, అందుకే డాక్టరుగారు ఏమీ లేదన్నారు”, “నన్ను ఊరుకోబెట్టడానికి అలా అన్నదేమో”, “అప్పుడు నిద్రమత్తులో ఉన్నది, సరిగా విన్నదో లేదో.” ఇట్లు ప్రతి సమాధానము రెండు కొత్త ప్రశ్నలకు తల్లియగును. పలువురిని అడిగినచో ఇంకను అన్యాయము: ఇద్దరి మాటలలో ఇసుమంత భేదమున్నను ఆ భేదమే రాత్రియంతయు నిద్ర లేకుండ చేయును.

మరల మరల చూచుకొనుటవలన జ్ఞాపకము గట్టిపడునని సామాన్యముగ అందరము అనుకొందుము. ఈ విషయమును నెదర్లాండ్సు దేశమున వాన్‌ డెన్‌ హౌట్‌, కింట్‌ అను ఇద్దరు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పరీక్షించి 2003లో ప్రకటించిరి. ఆరోగ్యవంతులైన విద్యార్థులనే తీసికొని, కంప్యూటరు తెరపై గ్యాసు పొయ్యి బొమ్మ చూపి, దానిని వెలిగించి, ఆర్పి, ఆరినదో లేదో సరిచూడుమనిరి. కొందరిచేత ఆ పొయ్యినే ఇరువదిమార్లు సరిచూపించిరి; మరికొందరిచేత దీపపు బల్బులను సరిచూపించి చివర మాత్రము పొయ్యిని చూపించిరి. ఫలితము వింతగానున్నది. కడపటిమారు ఏ బర్నరులను చూచినారన్న విషయమున ఉభయుల జ్ఞాపకము సమానముగనే సరిగానుండెను. కాని పొయ్యినే పదేపదే చూచినవారికి ఆ జ్ఞాపకము మసకబారినట్లు, వివరములు లేనట్లు, నమ్మదగనిదైనట్లు తోచెను. అనగా జ్ఞాపకము చెడలేదు. జ్ఞాపకముపై విశ్వాసము చెడినది. ఏ రోగమును లేనివారికే ఇరువదిమార్లతో ఇట్లయినపుడు, సంవత్సరముల తరబడి సరిచూచుకొను అభాగ్యుని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇతరులను అడుగుట కూడ ఒకవిధమైన సరిచూచుటయే. తన కంటికి బదులు ఎదుటివాని నోటిని వాడుకొనుట, అంతియే.

ఈ అవస్థ క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు వైద్యులు దీనిని “సందేహోన్మాదము” అను అర్థము వచ్చు పేరుతో పిలిచిరి. నేడు వైద్యులు దీని తీవ్రరూపమును అబ్సెసివ్‌ కంపల్సివ్‌ డిజార్డర్‌, క్లుప్తముగ ఓ.సి.డి. అందురు. మన యిండ్లలో “చాదస్తము” అనియు “అనుమానపు జబ్బు” అనియు అందురు. ఈ రెండు పేర్లును రోగికి అన్యాయము చేయునవే, ఏలయన వాటిలో నింద కలదు, బాధ లేదు. పలుదేశముల లెక్కలలో నూటికి ఒకరు మొదలు ముగ్గురి వరకు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దీనికి లోనగుచున్నట్లు తేలినది. కావున ఇది అరుదైన జబ్బు కాదు. దాచుటచేత అరుదుగ కనిపించుచున్నది.

చాలకాలము దీనికి చికిత్స లేదనియే తలచుచుండిరి. 1966లో లండనులోని విక్టర్‌ మేయర్‌ అను మనస్తత్త్వవేత్త ఇద్దరు రోగుల విషయమున క్రొత్త పద్ధతి ప్రకటించెను. రోగిని అతడు భయపడు సందర్భమునకు ఎదురుగ నిలిపి, ఆ భయము తీరుటకై అతడు చేయు కడుగుట, సరిచూచుట వంటి క్రియలను చేయనీయక ఆపుట దాని సారము. తరువాత పలువురు దానిని పెంపొందించిరి. అయితే ఇంటివారిని అడిగి ఊరట పొందుట కూడ ఆపవలసిన క్రియలలో ఒకటియే అని గుర్తించుటకు కొంతకాలము పట్టినది. 1985లో వార్విక్‌, సాల్కొవ్‌స్కిస్‌ అనువారు బ్రిటిష్‌ వైద్యపత్రికలో ఈ విషయముననే ఒక చిన్న వ్యాసము వ్రాసిరి. రోగభయముతో పీడింపబడువానికి వైద్యుడు మరల మరల “నీకేమియు లేదు” అని చెప్పుట, మరల మరల పరీక్షలు చేయించుట, చేతులు కడుగుకొనువానికి సబ్బు అందించుటతో సమానమను అభిప్రాయము అప్పటినుండి వైద్యలోకమున బలపడినది. మన పట్టణములలో ఒకే గుండెకు ఏడాదిలో ఐదారు ఇ.సి.జి.లు తీయించుకొని, ఆ కాగితములన్నియు ఒక సంచిలో భద్రపరచి, ఆరవ వైద్యుని వద్దకు పోవువారిని చూచినపుడు ఈ మాటలోని సత్యము తెలియును.

నేడు ఈ అలవాటునకు జేబులోనే సాధనము దొరికినది. పూర్వము అర్ధరాత్రి భయము పుట్టినచో తెల్లవారువరకు ఓర్చుకొనవలసియుండెడిది. ఆ ఓర్పులోనే సగము భయము కరగెడిది. ఇప్పుడు సెల్‌ఫోను తీసి రోగలక్షణములు వెదకవచ్చును, స్నేహితునకు సందేశము పంపవచ్చును, అతడు చూచినాడో లేదో నిమిషనిమిషము కనిపెట్టవచ్చును. “నామీద కోపంగా ఉన్నావా?” అని పదేపదే అడుగుట కూడ ఈ జాతిలోనిదే. నిరాశకు లోనైనవారు తమపై ప్రేమ కలదో లేదో అని మాటిమాటికి రూఢి చేసికొనజూతురనియు, ఎదుటివారు మొదట ఓదార్చి, పిమ్మట విసిగి దూరమగుదురనియు, ఆ దూరమే వారి నిరాశను పెంచుననియు అమెరికాలో జేమ్స్‌ కోయిన్‌ 1976లోనే వ్రాసెను. ప్రేమకు హామీ అడిగి అడిగి ప్రేమనే అలయజేయుట దీనిలోని విషాదము.

ఇక మన మఠములకు, భక్తులకు సంబంధించిన ముఖము ఒకటి కలదు. ఈ రోగము మనిషికి ఏది అత్యంత ప్రియమో దానినే పట్టుకొనును. బిడ్డను ప్రేమించు తల్లికి బిడ్డకు హాని చేయుదునేమో అను తలపు వచ్చును. నీతిపరునకు తెలియక మోసము చేసితినేమో అను శంక కలుగును. భక్తునకు పూజలోనే సంశయము పుట్టును. లింగార్చన వేళ మనస్సులో చెడుమాట మెదలినది, పూజ చెడినదా? మంత్రము నూటయెనిమిది తూరులు అయినదా, నూటయేడేనా? విభూతి ధరించునపుడు చేయి శుభ్రముగనున్నదా? ఇట్టివాడు అయ్యవారి వద్దకు వచ్చి అడుగును. అయ్యవారు దయతో “దోషము లేదు, పొమ్ము” అందురు. అతడు తేలికపడి పోవును. వచ్చు సోమవారము మరల వచ్చును. క్రమముగ ప్రతిదినము వచ్చును. ఆపై దోషము లేదన్నవారిని విడిచి, దోషమున్నదని చెప్పి శాంతి చేయించువారిని వెదకికొనును. అచ్చట ధనవ్యయము కూడ మొదలగును.

శరణులు జననసూతకము, మరణసూతకము మొదలగు సూతకములను త్రోసిపుచ్చిరి. శుభలగ్నములు వెదకుటను బసవేశ్వరుడు ఆమోదింపలేదు. ఇట్టి మార్గమున పుట్టినవానికి శంకలు ఉండరాదు గదా అని కొందరు పెద్దలు రోగిని మందలింతురు. ఇది సరికాదు. సిద్ధాంతము శంకకు చోటు తగ్గించును గాని, రోగము తనకు కావలసిన చోటును తానే కల్పించుకొనును. అతనికి లేనిది భక్తి కాదు, శాస్త్రజ్ఞానమును కాదు. సందేహమును సందేహముగనే ఉండనిచ్చి పనిచూచుకొను నేర్పు అతనికి కొరవడినది.

ఈ చిక్కు ఏ ఒక్క మతమునకు చెందినది కాదు. స్పెయిన్‌ దేశస్థుడగు ఇగ్నేషియస్‌ లొయోలా, తరువాత జెస్యూటు సంఘమును స్థాపించినవాడు, 1522లో మన్రేసా అను ఊర ఉండి తపస్సు చేయునపుడు తన పూర్వపాపములన్నియు చెప్పితినో లేదో అను సంశయముతో మరల మరల పాపనివేదనము చేసెను. ఎంత చెప్పినను తృప్తి కలుగక ప్రాణము విడువవలెనను తలపు వరకు పోయెను. పాతపాపములలో మిక్కిలి స్పష్టమైనవి తప్ప మరేమియు చెప్పవలదని గురువు ఆనతిచ్చెను. కాని అతనికి అన్నియు స్పష్టముగనే తోచుటచే ఆ ఆనతి పనిచేయలేదు. చివరకు గడచినవానిని ఇక ఎన్నడును నివేదింపరాదని తానే నిశ్చయించుకొన్న పిమ్మట విముక్తుడైనట్లు ఆత్మకథలో చెప్పించెను. ఈ కథలో గురుస్థానమున నున్నవారు గమనింపదగినది కలదు: నియమములో “స్పష్టమైనవి తప్ప” అను ఒక్క సందు ఉన్నచో సంశయము ఆ సందు గుండనే లోపలికి వచ్చును.

అట్లని అడిగిన ప్రతివానిని అనుమానింపరాదు. తెలియనిది తెలిసికొనుటకు అడుగుట వివేకము. క్రొత్తగ ఛాతీలో నొప్పి వచ్చినవాడు వైద్యుని అడుగవలెను. పాఠశాలలో ఎవరో బాధించుచున్నారని బిడ్డ చెప్పినచో కూర్చుండబెట్టి వినవలెను. రెంటికి భేదము గుర్తించుట సామాన్యముగ కష్టము కాదు. సమాచారము కొరకు అడుగువాడు సమాధానము దొరకగానే పనిలో పడును. ఊరటకై అడుగువానికి సమాధానము ముందే తెలియును, తెలిసియు అడుగును. ఒక్కొక్కప్పుడు సరిగ అవే పదములతో చెప్పుమనును, చెప్పువాని ముఖము చూచి స్వరము మారినదేమో కనిపెట్టును. సందేహమున్నచో మొదటిమారు నిండుమనస్సుతో, సత్యముగ, ఒక్కమారు సమాధానమీయవలెను. అదే ప్రశ్న రెండవమారు వచ్చినచో అది ప్రశ్న కాదు, బాధ అని గ్రహింపవలెను. బాధకు సమాధానము వేరు.

ఆ సమాధానమేది? ఇచ్చటనే ఇంటివారు తప్పటడుగు వేయుదురు. ఇట్టి వ్యాసము చదివి, మరునాడే “ఇక నీకు జవాబు చెప్పను” అని తలుపు మూసికొన్నవారు మేలు చేయుటలేదు. నిన్నటివరకు ఊతకర్ర ఇచ్చినవారమే మనము. చెప్పకుండ లాగికొన్నచో పడిపోవుట నిశ్చయము. మొదట భయము కొంత శాంతించియున్న వేళ, అనగా ప్రశ్న రాని సమయమున, రోగితో కూర్చుండి మాటలాడవలెను. “ఇన్నాళ్లు నేను జవాబు చెప్పాను, నీకు నిమ్మళంగా ఉంటుందని. కానీ దానివల్ల నీ భయం పెరుగుతోంది. ఇద్దరం కలిసి తగ్గిద్దాం” అని చెప్పి, అతని అంగీకారముతో ఒక ఒప్పందము చేసికొనవలెను. రాత్రికి పదిమార్లు అడుగుచున్నచో ఈ వారము మూడుమార్లు, పై వారము ఒకమారు, ఆ పిమ్మట అసలు లేదు అను క్రమము మంచిది. ఏ ప్రశ్నకు ఈ నియమము వర్తించునో కూడ ముందే నిర్ణయించుకొనవలెను. గ్యాసుతో మొదలిడి, అది చక్కబడిన పిమ్మట తక్కినవి.

ప్రశ్న వచ్చినపుడు పలుకవలసిన మాటలో రెండు అంశములుండవలెను: ఒకటి, అతని బాధను గుర్తించుట; రెండు, అతని శక్తియందు మన నమ్మకము. “నీకు చాలా భయంగా ఉందని తెలుస్తోందమ్మా. దీన్ని నువ్వు తట్టుకోగలవు. నేనిక్కడే ఉన్నాను.” గ్యాసు కట్టబడినదని గాని లేదని గాని ఇందులో లేదు. మొదటి అంశము లేనిచో మాట కఠినమగును. రెండవది లేనిచో అది మరల పాత ఓదార్పే యగును. ప్రక్కన కూర్చుండవచ్చును, చేయి పట్టుకొనవచ్చును, కలసి పూలు కట్టవచ్చును, బియ్యము ఏరవచ్చును. నిరాకరింపవలసినది ఆ ఒక్క సమాధానమును మాత్రమే. అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయమున ఎలీ లెబోవిట్జ్‌ అను ఆచార్యుడు తల్లిదండ్రులకు ఇట్టి శిక్షణ ఇచ్చు పద్ధతిని రూపొందించెను. ఆయన బృందము ఆందోళనతో బాధపడు 124 మంది బాలబాలికలపై జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, వైద్యుడు పిల్లలను చూడకయే కేవలము తల్లిదండ్రుల నడవడిని మార్చుటవలన కలిగిన గుణము, పిల్లలకే నేరుగ ఇచ్చిన చికిత్సకు తీసిపోలేదని తేలినది. కుటుంబపు చేతిలో ఎంత శక్తి కలదో దీనినిబట్టి తెలియును.

మొదటి దినములు కష్టముగనుండును. ప్రశ్నలు తగ్గుటకు ముందు హెచ్చును. బాలిక అలుగును, అరచును, “నీకు నామీద ప్రేమ లేదు” అనును. సరిగ ఆ ఘట్టముననే చాలమంది తల్లులు లొంగిపోవుదురు. తొమ్మిదిమార్లు నిరాకరించి పదవమారు చెప్పుట, మొదటిమారే చెప్పుటకంటె హానికరము; పట్టు విడువకున్నచో చివరకు దొరకునని ఆ మనస్సు నేర్చుకొనును. ఉమ్మడి కుటుంబములలో మరియొక ఇబ్బంది: తల్లి నియమము పాటించుచుండగా, నాయనమ్మ వంటింటి మూలకు పిలిచి చెవిలో “అంతా కట్టే ఉందిలేవే” అని ఊదును. ఆమెను ముందే పిలిచి, సంగతి విశదపరచి, ఆమెకే ముఖ్యమైన పాత్ర ఇచ్చుట ఉపాయము. వృద్ధులు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఏమియు చెప్పకయే ధైర్యమీయగలరు. ఆ విద్య వారికి మనకంటె బాగుగ తెలియును.

స్వయముగ ఈ బాధ ననుభవించు పాఠకులకు ఒక మాట. ప్రశ్న నాలుక చివరకు వచ్చినపుడు దానిని ఎన్నటికిని అడుగనని శపథము చేయవలదు. అర్ధగంట ఆగి అడిగెదనని నిశ్చయించుకొనుడు. గడియారము చూచి ఆగుడు. అంతలో చేయవలసిన పని చేయుచుండుడు. అర్ధగంట గడచిన పిమ్మట అడుగవలెనను ఆత్రము ఎంత మిగిలెనో చూచుకొనుడు. పలుమారులు సగమైనను తగ్గియుండును. తగ్గనిచో మరియొక అర్ధగంట. దొంగదారులు కూడ మూయవలెను. నోటితో అడుగక ముఖకవళికలు చదువుట, నాడి పట్టుకొని చూచుకొనుట, అంతర్జాలమున వెదకుట, “ఏమీ కాదు, ఏమీ కాదు” అని తనకు తానే నూరుమార్లు చెప్పుకొనుట, ఇవన్నియు వేషము మార్చిన ఆ ప్రశ్నయే. “కావచ్చును, కాకపోవచ్చును; నాకు తెలియదు” అని పలికి, ఆ తెలియనితనమును వెంటబెట్టుకొనియే నిద్రకు, పూజకు, పనికి పోవుట అభ్యాసము చేయవలెను. మొదట అది గాజుపెంకులపై నడక వలె తోచును. దినదినము చేసినవారికి కొన్ని వారములలో భేదము కనిపించును.

మఠాధిపతులును అయ్యవార్లును ఇట్టి భక్తుడు వచ్చినపుడు, దోషము ఉన్నదా లేదా అను విచారణకే దిగకుండుట మేలు. ఒక్కమారు స్పష్టముగ చెప్పి, “ఈ సంగతి మరల అడిగినచో నేను సమాధానమీయను, నీవు సంశయముతోనే వచ్చి పూజ చేయుము” అని ప్రేమతో ఆజ్ఞాపించి, ఇంటిలో ఒకరికి ఈ సంగతి తెలియజేయించుట ఉచితము. ప్రాయశ్చిత్తములు, మరల మరల స్నానములు, అధికజపములు విధించుట ఇట్టివారికి మాత్రము నిప్పులో నేయి పోయుటయే. వైద్యుని వద్దకు పంపుట విశ్వాసమునకు కొరత కాదు; జ్వరమునకు పంపుటలేదా?

ప్రశ్నలతో దినములో గంటకు మించి వ్యయమగుచున్నను, చదువు, ఉద్యోగము, నిద్ర చెడుచున్నను ఇంటి ప్రయత్నములతో ఆగరాదు. మేయర్‌ చూపిన త్రోవలో పెరిగిన చికిత్సను ఇప్పుడు శిక్షణ పొందిన మనస్తత్త్వవైద్యులు ఇచ్చుచున్నారు. మందులును కలవు; అవి పనిచేయుటకు సాధారణముగ ఎనిమిది మొదలు పన్నెండు వారములు పట్టును గనుక పదిదినములకే విడిచివేయరాదు, తనంతతాను మోతాదు మార్చరాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌ సంస్థలో ఈ ఒక్క జబ్బునకే ప్రత్యేక విభాగము కలదు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణమునను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఎవరైనను “బ్రతుకవలెనని లేదు” అన్నచో ఇంతవరకు చెప్పిన నియమములేవియు వర్తింపవు. ఆ మాట ఎన్నవమారు అన్నదియు లెక్కింపరాదు. ప్రతిమారును వినవలెను, ఒంటరిగ విడువరాదు, ఆ దినముననే వైద్యుని వద్దకు కొనిపోవలెను.